నీ కాగితం నాకు, నా కాగితం నీకు

జనవరి 9

అక్కా,

ఫోన్లో మాట్లాడుకుంటే రెండో నిమిషానికల్లా మనిద్దరికీ చెడుతోందని, ఇకనుంచి ఉత్తరాలు రాసుకోండని బావ తీర్పిచ్చాడు కదా. ఆ తీర్పు ప్రకారం ఇది మొదటి ఉత్తరం. అక్షరాలు వంకరగా ఉన్నాయని మొదలుపెట్టకు. నా కుడి భుజం పోయింది.

పోయిందంటే ఊడిపోలేదు. చేయి పక్కనుంచి పైకెత్తితే సగం దాకా బాగానే లేస్తుంది. అక్కడ ఎవరో లోపల పట్టకారుతో పట్టుకున్నట్టు పట్టేస్తుంది. పళ్ళు బిగించి ఇంకాస్త ఎత్తితే కొంచెం వదులుతుంది. దించేటప్పుడు మళ్ళీ అక్కడే. చొక్కా తొడుక్కోవాలంటే నీ మరదలు రావాలి. ఆవిడ వచ్చేలోపు సగం చొక్కాతో గదిలో నిలబడి ఉంటాను.

నిన్న డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నీ కొడుకు వయసుంటుంది. నా చేతిని అటూ ఇటూ తిప్పి, తను అడ్డం పెట్టి నన్ను తొయ్యమని, లాగమని, పది నిమిషాలు ఆడుకున్నాడు. ఎక్స్‌రే కూడా తీయించలేదు. కండరాన్ని ఎముకకు కట్టే తాడులాంటిది ఒకటి ఉంటుందట, టెండన్ అన్నాడు. ఏళ్ల తరబడి చేతులెత్తి ఇళ్ళ కప్పులకు రంగులు వేసేసరికి అది పైనున్న ఎముక కింద ఒరుసుకుని వాచిందట. ఆపరేషన్ అక్కర్లేదట. ఆరు వారాలు చేయి భుజం ఎత్తు దాటకూడదు, ఐసు పెట్టాలి, నొప్పికి మాత్రలు, ఆ తర్వాత మెల్లగా రబ్బరు పట్టీ లాగాలి. ఇంతే. ఒక కాగితం చేతిలో పెట్టాడు. పైన ఏదో గీకాడు, అది మందుల షాపువాడికి కూడా అర్థం కాలేదు.

చేయి లేవట్లేదురా బాబూ అని వెళితే చేయి ఎత్తకు అంటాడేమిటి?

మార్చి ఇరవై ఐదున ఇక్కడి పాత నాటకాల హాలు పని మొదలవుతుంది. కప్పు మొత్తం నాకే అని కాంట్రాక్టరు మాటిచ్చాడు. పనిలో చేరిన కొత్తలో మా మేస్త్రీ ఆ కప్పుకు రంగు వేస్తుంటే కింద నిలబడి రంగు కలిపాను. ఒక్క గీత వేయనివ్వలేదు. ఆ కప్పు నా చేత్తో వేయాలని అప్పట్నుంచీ ఉంది. చేయి లేవకపోతే ఇంకొకడికి ఇచ్చేస్తాడు. కాంట్రాక్టరు మంచివాడే గానీ ఆగేవాడు కాదు. నాకు నిజంగా భయంగా ఉంది.

బావను అడిగానని చెప్పు.

నీ చిన్నోడు

—

జనవరి 17

ఒరే చిన్నోడా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. నవ్వెందుకంటే, నాకు ఎడమ భుజం. నాలుగు నెలలైంది. నీకు చెబితే కంగారు పడతావని చెప్పలేదు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే నీకూ రావాల్సిందే, ఇప్పుడు భుజాల్లో కూడా వాటాకొచ్చావా?

నాది నీలా సగం దాకా లేవడం కూడా కాదు. ముందుకు లేవదు, పక్కకు లేవదు, వెనక్కి అసలే పోదు. నేను ఎత్తలేకపోవడమే కాదు, ఇంకొకళ్ళు పట్టుకుని ఎత్తినా రాదు. బస్టాండులో నా ఎంక్వయిరీ కిటికీ ముందు నిలబడే ప్రతివాడూ వైద్యుడే. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకొస్తుందో నేను చెబుతాను, నాకేం జబ్బో వాళ్ళు చెబుతారు. ఒకాయన మెడ నరం అన్నాడు. ఒకావిడ పిత్తాశయంలో రాయి ఉన్నా భుజం లాగుతుందంది. ఇంకొకాయన ఎడమ భుజమా అని అడిగి, గుండె అని చెప్పి, తన బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆ రోజే మీ బావ గుండె పరీక్ష చేయించాడు. గుండె నిక్షేపంలా ఉంది.

అప్పుడు మా పెద్ద డాక్టరు చూశాడు. జుట్టంతా తెల్లబడిన మనిషి. నీ డాక్టరులా కుర్రవేషాలు లేవు. ఫ్రోజెన్ షోల్డర్ అన్నాడు. కీలు చుట్టూ ఉండే సంచి బిగుసుకుపోయిందట. సుగర్ ఉన్నవాళ్ళకు ఎక్కువగా వస్తుందట. ఏడాదో రెండేళ్ళో పడుతుందట గానీ దానంతటది వదులుతుందట. అంతదాకా వేడి కాపడం పెట్టుకుంటూ రోజూ సాగదీయాలి. గోడకు వేళ్ళు ఆనించి పైపైకి పాకించాలి. వీపు వెనక తువ్వాలు పట్టుకుని లాగాలి. మరీ నొప్పిగా ఉంటే కీలులోకి ఒక ఇంజెక్షన్ ఇస్తాడట, దానికి నాలుగు రోజులు సుగర్ పెరుగుతుందట. నేను వద్దన్నాను.

ఇక ఒళ్ళెందుకు మండిందంటే, చేయి ఎత్తాల్సినవాడికి ఎత్తొద్దని చెప్పిన ఆ డాక్టరు మీద. మా డాక్టరు కాగితం జిరాక్సు తీయించి పంపుతున్నాను. అందులో చేయి పైకి ఎలా తీసుకెళ్ళాలో బొమ్మలతో సహా ఉంది. భుజం నొప్పి ఎవరిదైనా భుజం నొప్పే కదా. నువ్వు ఇది చెయ్. హాలు కప్పు నీదే.

నా జడ మీ బావ వేస్తున్నాడు. తాడు పేనినట్టు వేస్తాడు. నిన్న ఒక చంటిపిల్ల కిటికీలోంచి చూసి ఏడ్చింది.

అక్క

—

జనవరి 28

అక్కా,

నీ కాగితం అందింది. ఆ బొమ్మలో గోడకు వేళ్ళు పాకించే మనిషిని చూడగానే ప్రాణం లేచొచ్చింది. నాకు కావలసింది ఇదే. చేయి పైకి పోవాలి, ఈ కాగితం చేతిని పైకి పంపుతోంది. ఇంకేం కావాలి?

వంటగది గోడ మీద రోజుకు మూడుసార్లు పాకిస్తున్నాను. నొప్పి వస్తోంది. వస్తేనే పని చేస్తున్నట్టు అనుకుంటున్నాను. కసరత్తులు చేయించే ఫిజియో దగ్గరికి వెళ్ళమని ఆ కుర్ర డాక్టరు రాశాడు గానీ వెళ్ళలేదు. అక్కడికి వెళితే రబ్బరు పట్టీ చేతిలో పెడతారు, అదేమైనా మగాడి పనా అని ఉంది. నీ మరదలు మాత్రం ఇద్దరికీ ఒకటే జబ్బని ఎవరు చెప్పారు అని సణుగుతోంది. ఆవిడకు మన ఇంటి మాట మీద ఎప్పుడు నమ్మకముంది గనక.

అక్కా, నీ సంగతే నాకు బెంగగా ఉంది. రోజంతా కిటికీ దగ్గర కూర్చుని, ఇంటికొచ్చి వంట చేసి, ఆ బిగుసుకుపోయిన చేతిని మళ్ళీ గోడకేసి పాకించడమేమిటి? నీకు కావలసింది విశ్రాంతి. నా కాగితం నీకు పంపుతున్నాను. బరువులు వద్దు, చేయి ఎత్తొద్దు, ఐసు పెట్టు. ఇది నీకోసమే రాసినట్టుంది. నాకు పనికిరానిది నీకు పనికొస్తుంది.

చిన్నోడు

—

ఫిబ్రవరి 6

చిన్నోడా,

నీ కాగితం చదివి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇన్నాళ్ళూ గోడ దగ్గర నిలబడి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాను. మా డాక్టరు కాగితంలో ఒక్క చోటా విశ్రాంతి అన్న మాట లేదు. నీ దాంట్లో మొదటి మాటే అది. కుర్రవాడే గానీ మనసున్నవాడు.

సోమవారం నుంచి గోడ మానేశాను. చేయి భుజం ఎత్తు దాటనివ్వట్లేదు. అసలు దాటదు కాబట్టి ఆ నియమం పాటించడం సులువుగానే ఉంది. కాగితంలో లేదు గానీ ఒక పాత కండువాతో మెడలోంచి చేతిని కట్టుకున్నాను కూడా. కిటికీ దగ్గర జనం జాలిగా చూస్తున్నారు, ఎవరూ గట్టిగా అరవట్లేదు. మైకు కూడా కుడి పక్కకు మార్చుకున్నాను.

నువ్వు గోడ మానకు. ఎంత పైకి పోయిందో పెన్సిలుతో గీత పెట్టుకో. నాకు రాయి.

మీ బావ నీ ఆరోగ్యం అడిగాడు. నా ఆరోగ్యం అడగలేదు, రోజూ చూస్తున్నాడు కదా.

అక్క

—

ఫిబ్రవరి 19

అక్కా,

పెన్సిలు గీతల సంగతి అడిగావు. బ్రహ్మాండంగా ఉంది. మొదటి గీతకూ ఇప్పటి గీతకూ జానెడు తేడా ఉంది. నీ కాగితం చేతిలో పెట్టిన వేళ మంచిది. ఇంకో నెల ఉంది, హాలు పనికి ఢోకా లేదు.

ఒక చిన్న సంగతి అడుగుతాను, ఊరికే. గోడ పాకించిన తర్వాత నీకు ఎప్పుడైనా చేతిలో బలం లేనట్టు అనిపించేదా? టీ గ్లాసు కూడా బరువనిపించేదా? నాకు కాదు, ఇక్కడ పనిలో ఉండే ఒకతను అడిగాడు.

నీ చేయి ఎలా ఉంది? విశ్రాంతి బాగా కలిసొచ్చి ఉంటుంది.

చిన్నోడు

—

ఫిబ్రవరి 27

ఒరే బంగారు కొండా,

జానెడు అని చదివి మీ బావకు రెండుసార్లు వినిపించాను. డాక్టర్లకేం తెలుసు, అక్క చెప్పిందే మందు అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే ఏదో అనుకుంటున్నాడని అర్థం.

నాకూ బాగుంది. నీ కాగితం మహిమ. నొప్పి తగ్గింది. ఇంకొంచెం విశ్రాంతి తీసుకుంటే చేయి దానంతటదే లేస్తుందనుకుంటున్నాను. టీ గ్లాసు సంగతి నాకెప్పుడూ లేదు. ఆ పనివాణ్ణి సరిగా తినమను.

అసలు సంగతి వేరే ఉంది. మొన్న నా కిటికీ దగ్గరికి ఎవరొచ్చారనుకున్నావు? మీ కాంట్రాక్టరు. ఈ ఊళ్ళో ఏదో పని చూసుకుని తిరిగెళుతూ బస్సు అడిగాడు. మీ ఇంట్లో ఒకసారి చూశాను కదా, పోల్చుకున్నాను. నీ భుజం ఎలా ఉందని ఆయనే అడిగాడు. హాలువాళ్ళు తొందరపెడుతున్నారట, నీ కోసమే ఇరవై ఐదు అని ఆపి ఉంచాడట. నేను ఊరుకుంటానా? మా వాడి చేయి పూర్తిగా బాగైంది, జానెడు పైకి లేస్తోంది, రేపే మంచె ఎక్కించినా ఎక్కుతాడు అని మైకులో చెప్పినంత గట్టిగా చెప్పాను. ఆయన ఎంత సంతోషించాడో. అయితే పదో తారీఖునే మొదలుపెడతానన్నాడు. నీకు రెండు వారాలు కలిసొచ్చాయి.

ఇప్పుడు చెప్పు, అక్క ఉంటే ఎంత బలం?

అక్క

—

మార్చి 5

అక్కా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. దానికి ముందే పొద్దున్న కాంట్రాక్టరు వచ్చి, మీ అక్క చెప్పింది, పదో తారీఖున మంచె మీద ఉండు అని చెప్పి వెళ్ళాడు. నాకు ఏమీ అర్థం కాలేదు. నీ ఉత్తరం చదివాక అర్థమైంది. కొంప ముంచావు.

లేదు. ముంచింది నేనే. జానెడు అబద్ధం. గోడ మీద మొదటి గీత కంటే రెండో గీత కిందకుంది, మూడోది ఇంకా కిందకుంది. నువ్వంత సంబరంగా కాగితం పంపితే పని చేయట్లేదని రాయబుద్ధి కాలేదు. టీ గ్లాసు ఎత్తలేనిది కూడా నేనే. నీకు హాయిగా ఉందని రాశావు కదా, నాకెందుకు లేదు, నేనే సరిగా చేయట్లేదేమోనని మూడుసార్లు చేసేది ఐదుసార్లు చేశాను.

కాంట్రాక్టరు వెళ్ళగానే నీ మరదలు నన్ను లాక్కెళ్ళి ఫిజియో దగ్గర కూర్చోబెట్టింది. చిన్నపిల్ల, గొంతు మాత్రం నీ అంత ఉంది. నా చేయి చూసి, స్కాన్ తీయించి, నీ కాగితం బల్ల మీద పెట్టి అడిగింది. "ఇది ఎవరిది?" మా అక్కది అన్నాను. "మరి మీ అక్క భుజంతో ఎందుకు రాలేదు?"

టెండన్ కొంచెం చిరిగిందక్కా. మొత్తం కాదు, సగానికి తక్కువే. వాచినదాన్ని రోజుకు ఐదుసార్లు ఎముక కింద రుద్దానట. దీనికి కూడా ఇప్పటికి ఆపరేషన్ అక్కర్లేదంది. పన్నెండు వారాలు వాళ్ళు చెప్పింది చెప్పినట్టు చేస్తే చాలామందికి కుదురుకుంటుందట. పదో తారీఖున మంచె ఎక్కితే మాత్రం తన పూచీ లేదంది.

ఇప్పుడు నువ్వు చెవి పెట్టి విను. భుజం నొప్పి ఎవరిదైనా ఒకటి కాదట. నాది అరిగి వాచింది, దానికి విశ్రాంతి కావాలి. నీది బిగుసుకుపోయింది, దాన్ని కట్టిపడేస్తే ఇంకా బిగుస్తుంది. నీ కండువా సంగతి చెబితే ఆ పిల్ల తల పట్టుకుంది. ఆ కండువా ఇప్పుడే తీసెయ్. మీ డాక్టరు దగ్గరికి వెళ్ళు. నీకు తగ్గిందని రాశావు, ఎలా తగ్గిందో ఆ పిల్లకు అర్థం కాలేదు, నాకూ అర్థం కాలేదు.

రేపు కాంట్రాక్టరుకు నిజం చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియట్లేదు. నీ మీద కోపంగా ఉంది, నా మీద అంతకంటే ఎక్కువగా ఉంది.

చిన్నోడు

—

మార్చి 6

చిన్నోడా,

నీ జవాబు రాకముందే రాస్తున్నాను. నాకేదో తికమకగా ఉంది, ఎవరితో చెప్పుకోవాలో తెలియట్లేదు.

నీకు బాగుందని రాశాను కదా. నొప్పి తగ్గిన మాట నిజమే, కదిలిస్తే కదా నొప్పి. కానీ నిన్న కండువా తీసి చూస్తే చేయి పక్కటెముకలకు అతుక్కున్నట్టుంది. అంతకుముందు ఛాతీ దాకా లేచేది ఇప్పుడు నడుము దాకా కూడా లేవట్లేదు. ముఖం కడుక్కోవడం కూడా ఒంటిచేత్తోనే. నా కాగితంతో నువ్వు జానెడు పైకెళ్ళావు, నీ కాగితంతో నేను జానెడు కిందకొచ్చాను. ఇదేం లెక్కరా? ఒకే అమ్మ కడుపున పుట్టాం కదా.

మీ బావను అడిగాను. "నీ మందు వాడికి పంపి వాడి మందు నువ్వు మింగితే ఇంకేమవుతుంది?" అన్నాడు. నెల రోజులుగా ఆ మాట నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాడట. ముందే చెప్పొచ్చు కదా అంటే, మీ ఇద్దరి మధ్యకు వచ్చి ఎవడు బతికాడు అన్నాడు.

ఒకవేళ ఆయన మాటే నిజమైతే నీ చేయి ఎలా ఉందిరా? జానెడు అన్న మాట నిజమేనా? నిజం రాయి.

అక్క

—

మార్చి 20

చిన్నోడా,

నీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను. నీ కప్పు పోగొట్టింది నేను. కాంట్రాక్టరు ముందు గొప్పలు పోకపోతే ఇరవై ఐదు దాకా ఆగేవాడేమో. ఆగినా నీ చేయి లేచేది కాదని మీ బావ అంటున్నాడు. ఆ మాటతో నాకు ఊరట లేదు.

కండువా తీసేశాను. మా డాక్టరు తిట్టలేదు, తిట్టుంటే బాగుండేది. ఇంజెక్షన్‌కు ఒప్పుకున్నాను. సుగర్ ఐదు రోజులు పెరిగి దిగింది. నొప్పి కాస్త సద్దుమణిగింది, మళ్ళీ గోడ దగ్గరే నిలబడుతున్నాను.

ఈ ఉత్తరంలో నీకు సలహా ఏమీ లేదు. రాయాలని చేయి లాగుతోంది. రాయను.

అక్క

—

మే 20

అక్కా,

రెండు నెలలు రాయనందుకు తిట్టుకుని ఉంటావు. కోపం పోయాక రాద్దామనుకున్నాను. పోవడానికి ఇన్నాళ్ళు పట్టింది.

ఆ రోజు కాంట్రాక్టరుకు చెప్పాను. ఆయన, "నాకు మొదట్లోనే ఉన్నదున్నట్టు చెబితే ఇంకో నెల అడిగి తెచ్చేవాణ్ణి. ఇప్పుడు నా మాట పోయింది," అన్నాడు. అంతే. పక్క ఊరి పెయింటరుకు ఇచ్చాడు.

పన్నెండు వారాల్లో పదకొండు అయ్యాయి. మొదట నెల రోజులు రబ్బరు పట్టీ పసుపుది, తర్వాత ఎర్రది, ఇప్పుడు ఆకుపచ్చది, రంగు మారేకొద్దీ బిగువెక్కువ. మోచేయి నడుముకు ఆనించి లాగాలి. నవ్వకు, చెమటలు పడతాయి. చొక్కా నేనే తొడుక్కుంటున్నాను. పట్టకారు పట్టడం దాదాపు పోయింది. ఫిజియో పిల్ల ఒకరోజు చీపురు చేతికిచ్చి, ఎలా రంగు వేస్తారో చూపించమంది. చూపించాను. చేతులు నెత్తి మీద పెట్టుకుని ఇరవై ఆరేళ్ళు పని చేశారా అంది. రోలర్‌కు పొడుగు కర్ర తగిలించి చేతులు ఛాతీ దగ్గరే ఉంచుకోమంది. మా మేస్త్రీ పొడుగు కర్ర పట్టినవాణ్ణి మనిషిగా చూసేవాడు కాదు. కప్పుకు దగ్గరగా ఉండి వేస్తేనే చేతికి తెలుస్తుంది అనేవాడు. నేనూ అదే నమ్మాను. చిన్న గదులతో మెల్లగా మొదలుపెట్టమంది, వచ్చే నెల నుంచి.

నిన్న హాలు తెరిచారు. వెళ్ళకూడదనుకుని వెళ్ళాను. జనమంతా వేదిక చూస్తుంటే నేను తల ఎత్తి చూశాను. ఆ పెయింటరు మొత్తం పొడుగు కర్రతోనే వేశాడట. ఎక్కడో ఒక గీత, ఒక మచ్చ, రంగు ఎక్కువ తక్కువలు, ఏదో ఒకటి దొరుకుతుందని వెతికాను. ఏమీ లేదక్కా. చాలా బాగా వేశాడు. అదే నాకు బాధ. మెడ నొప్పి పుట్టేదాకా చూసి, బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నీ మరదలికి కూడా చెప్పలేదు.

నువ్వు కాంట్రాక్టరుకు చెప్పినందుకు పోలేదు ఆ పని. నేను నీకు చెప్పనందుకు పోయింది. నువ్వు అమ్మ పోయినప్పట్నుంచీ నాకు అన్నీ బాగు చేస్తూనే ఉన్నావు. ఇది ఒక్కటి నీవల్ల కాలేదని నీకు చెప్పలేకపోయాను.

నీ చేయి ఎంతవరకూ లేస్తోంది? నేను సంతోషపడేట్టు రాయొద్దు. ఉన్నది రాయి.

చిన్నోడు

—

మే 27

చిన్నోడా,

చెవి దాకా. ఆ పైన లేవట్లేదు. వెనక్కి నడుము దాకానే. ఇవాళ పొద్దున్న గోడ దగ్గర చాలా నొప్పి పెట్టింది, ఏడ్చాను. తర్వాత జడ వేస్తూ మీ బావ నా ఎర్రబడ్డ కళ్ళు అద్దంలో చూశాడు.

నీ మెట్ల సంగతి చదివి ఇంకోసారి ఏడ్చాను.

అక్క